తమ్ముడు కుస్తీ వదిలి ఎంఎంఏలోకి వెళ్తానంటున్నాడు, ఇప్పుడే పంపాలా?

గాజువాక అక్క:

నమస్కారమండీ. మాది గాజువాక. నేను పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తున్నాను. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసి, మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. మా తమ్ముడి విషయం అడగాలని రాస్తున్నాను.

వాడికి ఇరవై ఒకటి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తొమ్మిదో తరగతి నుంచి వాడికి కుస్తీయే లోకం. ఫ్రీస్టైల్‌లో 74 కిలోలు. పోయినేడు యూనివర్సిటీ జట్టులో చోటొస్తే ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్లాడు. మొదటిది గెలిచాడు, రెండోది హర్యానా కుర్రాడి మీద ఓడిపోయాడు. తిరిగొచ్చినప్పటినుంచి మాట మారింది. కుస్తీలో ఇక మనకేమీ లేదక్కా, ఎంఎంఏలోకి వెళ్తాను అంటున్నాడు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఆటట అది. అమెరికాలో యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ సంస్థలో చాంపియన్ బెల్టు కొట్టినవాళ్లలో చాలామంది కాలేజీ కుస్తీ ఆడినవాళ్లేనట. కోర్మియర్, ఉస్మాన్ అని పేర్లు చెప్తాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో వాళ్ల ఫైట్లే.

బెంగళూరులో ఒక జిమ్ వాళ్లతో మాట్లాడుకున్నాడు. ఆఖరి సెమిస్టర్ వదిలేసి వచ్చే నెలే వెళ్తానంటాడు. హాస్టలు, ఫీజు, తిండి కలిపి ఆరు నెలల ఖర్చుకి నా పెళ్లికని అమ్మ వేసిన చీటీ పాడమంటున్నాడు. డబ్బు గురించి నాకు బాధ లేదు. చీటీ మళ్లీ వేసుకోవచ్చు. వాడి మీద నమ్మకం కూడా ఉంది. కానీ ఆ ఫైట్లు చూసిన రోజు అమ్మ అన్నం తినలేదు. కింద పడ్డ మనిషి మొహం మీద గుద్దుతుంటే ఆటేంటిది అని ఏడ్చింది.

కుస్తీ వస్తే ఎంఎంఏ వచ్చేసినట్టేనా? నిజంగా ఇప్పుడే వెళ్లకపోతే వయసు మించిపోతుందా? వైజాగ్‌లో ఉండి నేర్చుకునే దారి ఏమైనా ఉందా? ఈ ఆట తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. తిట్టినా ఫర్వాలేదు, నిజం చెప్పండి.


ఎంవీపీ కుర్రాడు:

అక్కా, నేను ఎంవీపీ కాలనీలో కిక్‌బాక్సింగ్, జియుజిత్సు (నేలమీద పట్లు వేసి లొంగదీసే ఆట) చేస్తాను. అమెచ్యూర్ ఫైట్లు ఆడాను. ముందుగా ఒక మాట. మీ తమ్ముడి ఆశ పిచ్చిది కాదు. తొమ్మిదో తరగతి నుంచి కుస్తీ చేసిన కుర్రాడు జిమ్‌లోకి వస్తే మేమందరం పని ఆపి చూస్తాం. ఆ నడుము బలం, ఆ ఊపిరి, ఎదుటివాడు మీద పడుకుంటే కంగారు పడకపోవడం, ఇవి మాకు ఏళ్లు పట్టే సంగతులు. వాడు వాటితోనే వస్తాడు.

బెంగళూరు ఎందుకంటున్నాడో కూడా నాకు అర్థమవుతుంది. ఈ ఆట ఒంటరిగా రాదు. తన బరువున్నవాళ్లు, తనకంటే మెరుగైనవాళ్లు రోజూ దొరకాలి. మన ఊళ్లో నేర్పేవాళ్లు ఉన్నారు గానీ, ఎంఎంఏలో వాడికి సరిపడే 77 కిలోల దగ్గర స్పారింగ్‌కి, అంటే ఎదురెదురుగా సాధన చెయ్యడానికి, మంచివాళ్లు ఒకేచోట నలుగురు దొరకడం కష్టం. అక్కడ దొరుకుతారు.

కాకపోతే ముందు ఒక వారం ట్రయల్‌కి వెళ్లమనండి. సామాను కట్టుకుని కాదు, ఒక బ్యాగుతో. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా దిగుతాడు. ఆ వారంలో మూడు విషయాలు కళ్లతో చూడాలి. స్పారింగ్‌కి మెత్త ఎక్కువుండే 16 ఔన్సుల గ్లోవ్స్ వేయిస్తున్నారా, లేక కొత్తవాళ్లని కూడా చిన్న గ్లోవ్స్‌తో కొట్టుకోనిస్తున్నారా. కొత్త కుర్రాణ్ణి సీనియర్లు నేర్పించడానికి పట్టుకుంటున్నారా, సరదా తీర్చుకోవడానికి పట్టుకుంటున్నారా. దెబ్బ తగిలి తల తిరుగుతోందన్నవాణ్ణి కోచ్ కూర్చోబెడుతున్నాడా, లేదా. మూడోది సరిగా లేకపోతే ఎంత పేరున్న జిమ్ అయినా వెనక్కి వచ్చేయమనండి.


కంచరపాలెం మాస్టారు:

అమ్మా, నేను పిల్లలకి కుస్తీ నేర్పుతూ బతికినవాణ్ణి. బొబ్బిలి వైపు తాలింఖానాలో మట్టి గోదాలో మొదలుపెట్టాను. పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో డిప్లొమా చేశాను. వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాక కంచరపాలెంలో ఉంటున్నాను. ఇప్పటికీ సాయంత్రాలు కొందరు పిల్లలు వస్తారు. మీ ప్రశ్న నిన్న రాత్రే చదివాను. తొందరపడి జవాబు రాయకూడదని పొద్దున్నదాకా ఆగాను.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. యూఎఫ్‌సీ 1993లో మొదలైతే, మరుసటి ఏడాదే డాన్ సెవెర్న్ అనే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కుస్తీవాడు వచ్చి మనుషుల్ని ఎత్తి వెనక్కి విసిరేశాడు. 1996లో మార్క్ కోల్‌మన్ వచ్చాడు. ఒహాయో స్టేట్ తరఫున కాలేజీ చాంపియన్, బార్సిలోనా ఒలింపిక్స్ ఆడినవాడు. పడేసి, పైన కూర్చుని కొట్టే పద్ధతిని అందరికీ చూపించింది ఆయనే. 1997 మొదట్లో యూఎఫ్‌సీ మొదటి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అప్పట్నుంచి రాండీ కూచర్, బ్రాక్ లెస్నర్, డేనియల్ కోర్మియర్, కమారు ఉస్మాన్, ఇలా వరసే ఉంది. కారణం ఒక్కటే. ఆట నిలబడి సాగాలా, నేలమీద సాగాలా అన్నది కుస్తీవాడి చేతిలో ఉంటుంది. ఎదుటివాడు ఎంత గొప్ప బాక్సరైనా, పడిపోతానేమో అన్న భయం ఉన్నంతసేపూ కాలు ఎత్తి తన్నలేడు, పూర్తిగా దెబ్బ వెయ్యలేడు.

అయితే మీ తమ్ముడు చూడని సంగతి ఒకటుంది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు కీలకం ఇదే.

అమెరికా కాలేజీల్లో ఆడేది మన ఫ్రీస్టైల్ కాదు. దాన్ని ఫోక్‌స్టైల్ అంటారు. మొత్తం ఏడు నిమిషాలు. మొదటి పీరియడ్ మూడు, తర్వాత రెండు, రెండు. అందులో కిందపడ్డవాడు తప్పించుకుని లేస్తే వాడికి ఒక పాయింటు ఇస్తారు. పైనున్నవాడు అవతలివాడికంటే నిమిషం ఎక్కువసేపు అణిచిపెట్టి ఉంచితే, ఆట చివర వీడికి ఒక పాయింటు. అంటే అక్కడి కుర్రాడు స్కూలు రోజులనుంచి రెండు పనులు రోజూ చేస్తాడు. పడేసినవాణ్ణి లేవనివ్వకుండా నొక్కిపెట్టడం, కిందపడితే వెంటనే లేవడం. ఎంఎంఏ ఆడే కంచె లోపల, అంటే కేజ్‌లో, కావలసినవి సరిగ్గా ఆ రెండే.

మన పిల్లలు ఆడే ఫ్రీస్టైల్ మూడు నిమిషాలవి రెండు పీరియడ్లు. పడేస్తే రెండు పాయింట్లు. ఆ తర్వాత కొన్ని సెకన్లలో తిప్పలేకపోతే రిఫరీ ఈల వేసి ఇద్దర్నీ నిలబెట్టేస్తాడు. అందుకని కిందపడ్డవాడికి మనమేం నేర్పుతాం? బోర్లా పడుకో, చేతులు చాపు, కాళ్లు వెడల్పు పెట్టు, వీపు నేలకి ఆననివ్వకు, ఈల పడేదాకా ఓర్చుకో. నేనూ పిల్లలకి అదే నేర్పాను. ఆ నియమాల్లో అదే సరైనది. ఎంఎంఏలో మాత్రం రిఫరీ ఈల వెయ్యడు. బోర్లా పడుకున్నవాడి వీపు మీదకి ఎక్కి, కాళ్లు నడుముకి మెలేసి, మెడ కింద చెయ్యి పోనిస్తారు. అంతటితో అయిపోయింది.

అందుకే మీ తమ్ముణ్ణి ఒకటి అడగండి. ‘నువ్వు పడెయ్యగలవు సరే, పడ్డాక లేవడం నీకు ఎవరు నేర్పారు?’ వాడి జవాబు బట్టి ఎంత పని మిగిలుందో మీకే తెలుస్తుంది.

ఇంకా మానుకోవలసిన అలవాట్లు చాలా ఉన్నాయి. కుస్తీలో తల ముందుకి పెట్టి, నడుము వంచి నిలబడతాం. అక్కడ ఆ తలకి మోకాలు తగులుతుంది. బెన్ ఆస్క్రెన్ పేరు మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. మిస్సోరి యూనివర్సిటీ తరఫున 2006లో, 2007లో కాలేజీ చాంపియన్, 2008 ఒలింపిక్స్ ఆడాడు. బయట రెండు సంస్థల్లో చాంపియన్ అయ్యాకే యూఎఫ్‌సీకి వచ్చాడు. 2019 జులైలో గంట కొట్టగానే కాళ్లు పట్టుకుందామని వంగాడు. ఎదుటివాడు మస్విడాల్ పరుగెత్తుకొచ్చి ఎగిరి మోకాలితో కొట్టాడు. ఐదు సెకన్లలో ఆట ముగిసింది. బో నికల్ సంగతి చూడండి. పెన్ స్టేట్ తరఫున వరసగా మూడేళ్లు, 2017 నుంచి 2019 దాకా కాలేజీ చాంపియన్. అంతటివాడు 2025 మే నెలలో డి రిడర్ అనే జియుజిత్సువాడి చేతిలో ఓడిపోయాడు. అది కూడా నేలమీద కాదు, నిలబడి పెనుగులాడుతుండగా పొట్టలో మోకాలు తిని. మొదట చెప్పిన సెవెర్న్ కూడా అంతే. 1994లో హోయిస్ గ్రేసీని పావుగంటకి పైగా కింద నొక్కిపెట్టి, చివరికి ఆ కిందున్నవాడి కాళ్ల మధ్యే మెడ ఇరుక్కుని ఓడాడు.

మన అమ్మాయి రితూ ఫోగట్‌ని తీసుకోండి. ఫోగట్ల ఇంటి పిల్ల. కుస్తీలో ఆమెకి తక్కువేముంది? 2019లో వన్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థకి వెళ్లి, 2021 డిసెంబరులో గ్రాండ్ ప్రీ ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్లో స్టాంప్ ఫెయిర్‌టెక్స్ అనే థాయ్ అమ్మాయి ఆర్మ్‌బార్ (చెయ్యి విరిచే పట్టు) వేసి ఓడించింది. ఆ పిల్ల అసలు నిలబడి కొట్టే ముయే థాయ్‌లో పెరిగింది. ఆమె నేలమీద ఆట నేర్చుకుని వచ్చింది. రితూ అంత దూరం వెళ్లడం గొప్ప విషయమని నేను మనస్ఫూర్తిగా అంటాను. కానీ కుస్తీ ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక వయసు మాట. దీని గురించి టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పండి. కోర్మియర్ రెండు ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు, కుస్తీ పూర్తిగా అయిపోయాక, 2009లో ముప్ఫై ఏళ్లకి మొదటి ఎంఎంఏ ఫైట్ ఆడాడు. తర్వాత రెండు బరువుల్లో యూఎఫ్‌సీ చాంపియన్. కూచర్ ముప్ఫై మూడేళ్లకి వచ్చాడు, అదే ఏడాది బెల్టు కొట్టాడు. మన పంజాబీ మూలాలున్న అర్జన్ భుల్లర్ కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ తరఫున కాలేజీ కుస్తీ ఆడాడు. 2010లో మన ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 2012లో లండన్ ఒలింపిక్స్, ఆ తర్వాతే ఎంఎంఏ. 2021లో వన్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. వీళ్లెవరూ కుస్తీ సగంలో వదిలి రాలేదు. కుస్తీలో తమకి ఎంత దొరుకుతుందో అంతా పిండుకుని వచ్చారు.

ఒక విషయం ఆలోచించండి. అమెరికా కుర్రాడు కాలేజీ అయ్యాక ఎంఎంఏకి ఎందుకు వెళ్తాడు? వాడికి కుస్తీతో ఆ తర్వాత బతకడానికి దారులు తక్కువ. జాతీయ జట్టులో ఉండాలి, లేదా కోచ్ అవ్వాలి. మన దగ్గర కుస్తీవాడికి రైల్వే, సర్వీసెస్, పోలీసు ఉన్నాయి. మీ తమ్ముడికి ఇంకా ఒక ఇంటర్ యూనివర్సిటీ మిగిలే ఉంది. ఆ తలుపు మూసుకున్నాక వెళ్లడం వేరు, తెరిచి ఉండగా వదిలేసి వెళ్లడం వేరు.

కుస్తీవాడు డబ్బు కోసం జనం ముందు ఆడటం తప్పని నేను అనను. బీచ్ రోడ్డులో విగ్రహం ఉందే, మన కోడి రామ్మూర్తి నాయుడుగారు, ఆయన విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి, తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఇనప గొలుసులు తెంచారు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారు. మన ఉత్తరాంధ్రకి అంత పేరు తెచ్చినవాళ్లు ఎంతమంది? మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి. ఆట చెడ్డది కాదు. సిద్ధం కాకుండా వెళ్లడమే చెడ్డది.


వాల్తేరు ఉద్యోగి:

మాస్టారు రైల్వే మాట ఎత్తారు కాబట్టి నేనూ చెప్తాను. నేను స్పోర్ట్స్ కోటాలో చేరినవాణ్ణి, కుస్తీ కాదు, కబడ్డీ.

రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్‌కి వయసు 18 నుంచి 25. ఇందులో ఎవరికీ సడలింపు ఉండదు. కింది స్థాయి పోస్టులకి ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీలో మొదటి మూడు స్థానాల్లో ఒకటి ఉంటే అర్హత కింద చూస్తారు. ఆడి వస్తే చాలదు, స్థానం రావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకైతే యూనివర్సిటీ తరఫున ఆడినందుకు ఫారం-3 ఉంటుంది. యూనివర్సిటీ స్పోర్ట్స్ అధికారి సంతకంతో తీసుకోవాలి. పోయినేడు ఆడినదానికి తీసుకున్నాడో లేదో ఇవాళే అడగండి. తర్వాత తిరగాలంటే చెప్పులరుగుతాయి.

అంటే ఎంఎంఏకి ముప్ఫైలో కూడా వెళ్లొచ్చు, ఇక్కడ మాత్రం 25 దాటితే లేదు. ఉద్యోగం వచ్చాక డబ్బు పోటీలు ఆడాలంటే డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకోవాలి, అది కూడా తెలిసి ఉండాలి.


సీతమ్మధార ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని. ఆటగాళ్లని చూస్తుంటాను. మీ అమ్మగారు రక్తం చూసి భయపడ్డారు. నాకు రక్తం కంటే బరువు తగ్గించడం ఎక్కువ భయం. దాని గురించి ఇక్కడ ఇంకా ఎవరూ రాయలేదు.

కుస్తీలో ఇప్పుడు పోటీ రోజు పొద్దున్నే తూకం. రెండో రోజు ఆడాల్సి వస్తే మళ్లీ తూకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌ని వంద గ్రాములు ఎక్కువుందని ఫైనల్ ఆడనివ్వకపోవడం అందరం చూశాం. ఎంఎంఏలో తూకం సాధారణంగా ముందు రోజు. మధ్యలో దాదాపు ఒక రోజు దొరుకుతుంది కాబట్టి కుర్రాళ్లు ఇంకా తెగించి నీళ్లు మానేస్తారు. మీ తమ్ముడిది 74 అంటే మామూలుగా 78 దగ్గర తిరుగుతుంటాడని అనుకుంటున్నాను. ఎంఎంఏలో వెల్టర్‌వెయిట్ హద్దు 77.1 కిలోలు, లైట్‌వెయిట్ 70.3. ఎవరో ఒకరు 70కి దిగు, అక్కడ నువ్వే పెద్దవాడివి అంటారు. వినొద్దని చెప్పండి. కనీసం మొదటి రెండేళ్లు 77 దగ్గరే ఆడాలి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 1997 నవంబరు, డిసెంబరుల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు బరువు దించుకుంటూ చనిపోయారు. అందరూ మీ తమ్ముడి ఈడువాళ్లే, ఒకడు ఇంకా చిన్నవాడు. ఆ తర్వాతే అక్కడ రబ్బరు సూట్లు, వేడి గదులు నిషేధించి, తూకాన్ని ఆటకి దగ్గరగా జరిపారు. కోర్మియర్ పేరు అందరూ చెప్తున్నారు కదా. 2008 బీజింగ్‌లో ఆయన అమెరికా జట్టు కెప్టెన్. బరువు తగ్గించే క్రమంలో కిడ్నీలు దెబ్బతిని ఒక్క కుస్తీ కూడా ఆడకుండా ఆసుపత్రిలో పడ్డాడు. వన్ చాంపియన్‌షిప్‌లో 2015లో ఒక చైనా ఫైటర్ ఇలాగే ప్రాణం పోగొట్టుకున్నాక, నీళ్లు మాని బరువు దించడాన్ని ఆపించి, మూత్ర పరీక్షతో ఒంట్లో నీరు సరిపోయిందో లేదో చూడటం మొదలుపెట్టారు.

మన ఊరి సంగతి మరీ చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికే గాలి ఎంత తడిగా ఉంటుందో తెలుసు కదా. చెమట కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆ గాలిలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని బీచ్ రోడ్డులో పరుగెత్తే పిల్లల్ని చూస్తే నాకు గుండె జారిపోతుంది. మీ తమ్ముడు అలా చేస్తుంటే ఈ రోజే మాన్పించండి. బరువు తగ్గాలంటే ఎనిమిది పది వారాల ముందునుంచి తిండి సర్దుకోవాలి, ఆఖరి రెండు రోజుల్లో నీళ్లు మాని కాదు.

రెండోది తల. కుస్తీలో మోకాలు, భుజం, చెవి పోతాయి. ఎంఎంఏలో వాటికి తోడు తలకి దెబ్బలు. పోటీలో తగిలేవాటికంటే రోజువారీ స్పారింగ్‌లో తగిలేవే ఎక్కువ పోగుపడతాయి. తల దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మాట తడబడటం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పూర్తిగా తగ్గేదాకా మళ్లీ స్పారింగ్ లేదు. అమెరికాలో నాకౌట్ అయినవాణ్ణి ఇన్ని రోజులు ఆడకూడదని రాష్ట్రాల కమిషన్లు ఆపేస్తాయి. మన దగ్గర అలాంటి ప్రభుత్వ కమిషన్ లేదు కాబట్టి ఆ జాగ్రత్త మీ ఇంట్లోవాళ్లే తీసుకోవాలి.

చివరిగా ఒక చిన్న విషయం. ఈ ఉక్కలో మ్యాట్ మీద ఆడేవాళ్లకి తామర తేలిగ్గా అంటుకుంటుంది. ఏ జిమ్‌కి వెళ్లినా మ్యాట్లు రోజూ కడుగుతున్నారో లేదో చూడమనండి. ఆడిన వెంటనే స్నానం చెయ్యాలి, తువ్వాలు ఎవరితోనూ పంచుకోకూడదు.


గాజువాక అక్క:

అందరికీ దండాలు. ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. మొదట ముఖం ముడుచుకున్నాడు. మాస్టారుగారి ప్రశ్న అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, లేవడం ఎవరూ నేర్పలేదక్కా, ఈల పడుతుందని ఆగేవాణ్ణి అన్నాడు. ప్లాస్టిక్ జాకెట్ ఉంది వాడి దగ్గర. తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఫారం-3 తీసుకోలేదట, సోమవారం యూనివర్సిటీకి వెళ్తానన్నాడు.

ఇంకొక సంగతి మొన్న రాయలేదు. ఫైట్లు పెట్టే ఒక సంస్థ పేరుతో ఎవరో వాట్సాప్‌లో అగ్రిమెంటు పంపారు. మూడేళ్లకి సంతకం పెట్టమంటున్నారు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. నేను చదివితే, మూడేళ్లలో ఇంకెక్కడా ఆడకూడదని ఉంది. ఏడాదికి ఎన్ని ఫైట్లు ఇస్తారో లేదు. దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో లేదు. వారంలో పంపకపోతే అవకాశం పోతుందని రోజూ మెసేజ్ పెడుతున్నారు. వాడు సంతకం పెట్టేస్తానంటున్నాడు. ఏం చెయ్యను?


ఎంవీపీ కుర్రాడు:

వద్దక్కా. ఒక్క ప్రో ఫైట్ ఆడనివాడికి మూడేళ్ల కట్టుబాటు ఎవరూ అడగకూడదు. ఈ ఆటలో డబ్బు రెండు భాగాలుగా ఉంటుంది. ఆడినందుకు కొంత, గెలిస్తే ఇంకొంత. ఆ రెండు అంకెలూ కాగితం మీద ఉండాలి. ఏడాదికి కనీసం ఎన్ని ఫైట్లో ఉండాలి. అవి ఇవ్వకపోతే బయట ఆడుకోవచ్చని ఉండాలి. ఆ రాత్రి అంబులెన్సు, డాక్టరు, ఆసుపత్రి ఖర్చు ఎవరిదో ఉండాలి. ఫైట్‌కి ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్త పరీక్షలు, కళ్ల పరీక్ష అడుగుతున్నారా చూడండి. ఎదుటివాడికి కూడా చేయిస్తేనే మీ తమ్ముడికి రక్షణ. అవేవీ అడగకుండా రమ్మంటే అది వెళ్లాల్సిన చోటు కాదు.

పెద్ద పెద్ద సంస్థల్లో కూడా ఫైటర్ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద ఆడేవాడే. జీతం ఉండదు, పీఎఫ్ ఉండదు. మీ నాన్నగారు కాంట్రాక్టు పని చేశారు కదా, ఆయన్ని ఆ నాలుగు పేజీలు చదవమనండి. మనకంటే ఆయనకే బాగా అర్థమవుతుంది.

ముందు అమెచ్యూర్ ఆడనివ్వండి. 2026లో జపాన్‌లో జరిగే ఐచి-నగోయా ఆసియా క్రీడల్లో ఎంఎంఏని చేర్చారు. అమెచ్యూర్‌కి కూడా విలువ వచ్చే రోజులే ఇవి.


కంచరపాలెం మాస్టారు:

అమ్మా, ఆ అగ్రిమెంటు సంగతి ఎంవీపీ అబ్బాయి సరిగ్గా చెప్పాడు. సంతకం వద్దు. వారంలో పోయే అవకాశం అవకాశమే కాదు.

ఇక వాడికి చెయ్యడానికి పని కావాలి. ఈ వయసు కుర్రాణ్ణి ఊరికే ఆగమంటే ఆగడు, ఆగకూడదు కూడా. నా ఆలోచన చెప్తాను, నచ్చితే తీసుకోండి. ఆఖరి సెమిస్టర్ రాయనివ్వండి. ఈసారి ఇంటర్ యూనివర్సిటీలో మూడో స్థానం లోపల రావాలన్నదే గురి. ఆ హర్యానా కుర్రాడు మళ్లీ వస్తాడు. వాడి మీద ఎలా ఓడాడో వీడియో ఉంటే నాకు చూపించమనండి. వారంలో నాలుగు రోజులు కుస్తీ, రెండు సాయంత్రాలు బాక్సింగ్. బాక్సింగ్‌కి వైజాగ్‌లో కొదవ లేదు. అక్కడికి వెళ్లి గడ్డం దించడం, చేతులు పైకి పెట్టడం, జబ్ (ముందు చేత్తో తిన్నగా గుద్దడం) వెయ్యడం, దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకోకపోవడం నేర్చుకోవాలి. మొదటి ఆరు నెలలు ఇంతే చాలు. తన్నడం తర్వాత.

నేలమీద పని నేను కొంత చేయిస్తాను. నాకు జియుజిత్సు రాదు, అది ఎంవీపీ అబ్బాయి దగ్గరో, ఇంకెవరి దగ్గరో చూసుకోవాలి. కానీ కిందనుంచి లేవడం, గోడకి వీపు ఆనించి లేవడం, పడేసినవాడి నడుం మీద బరువు వదలకుండా ఉండటం, కాళ్లు పట్టుకున్నప్పుడు తల బయట వదలకుండా ఛాతీకి ఆనించి లోపల పెట్టడం, ఇవి నేను చేయించగలను. తల బయట పెడితే గిలటీన్, అంటే మెడ పిసికే పట్టు, పడుతుంది. ఫ్రీస్టైల్‌లో మెడ పిసికితే ఫౌల్ కాబట్టి మన పిల్లలకి ఆ భయమే తెలియదు.

సెలవుల్లో బెంగళూరు వారం రోజులు వెళ్లి రావచ్చు. పరీక్షలయ్యాక, స్థానం వచ్చినా రాకపోయినా, అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటికీ వాడికి ఇదే ఆశ ఉంటే చీటీ పాడండి, నేనే మీ అమ్మగారితో మాట్లాడతాను.

సోమవారం ఫారం పని చూసుకుని, మంగళవారం సాయంత్రం ఐదున్నరకి పంపించండి. ఊర్వశి జంక్షన్ దగ్గరికి వచ్చి ఎవరినైనా కుస్తీ మాస్టారని అడిగితే చూపిస్తారు. కుస్తీ బూట్లు తేవద్దని చెప్పండి. కేజ్‌లో ఒట్టి కాళ్లే కాబట్టి పట్టు జారకుండా నిలబడటం మొదటి రోజునుంచే అలవాటవ్వాలి. గోళ్లు కత్తిరించుకుని రమ్మనండి, ఒక తువ్వాలు, నీళ్ల సీసా చాలు. ఫీజు అక్కర్లేదు.